ఎదుటివాడి ఇంటి సంగటి

గడిచిన వారం మునినారాయణను చిక్కబళ్లాపురంలో, బస్సు పర్మిట్ల ఆఫీసు వరండాలో తల వంచుకుని ఉండగా వదిలిపెట్టాం. తల వంచుకోవడానికి కారణం చిన్నది కాదు. గుమాస్తా అతని ముందు రెండు కాగితాలు పెట్టాడు. రెండూ మద్దతు ఉత్తరాలే, ఆఫీసు మాటలో బెంబల పత్రాలు. రెండింటి మీదా బాగేపల్లి తాలూకా యువజన సంఘం గుద్దిన మొహరే. చింతామణి నుంచి పాతపాళ్యం మీదుగా బాగేపల్లికి వేయబోయే కొత్త బస్సు ఎర్రగుట్ట ఊళ్ళోకి రావాలని ఒకటి చెబుతోంది. రాకూడదని రెండోది చెబుతోంది. మొదటిదాని కింద సంఘం కార్యదర్శి మునినారాయణ సంతకం. రెండోదాని కింద సంఘం అధ్యక్షుడు పిళ్ళప్ప సంతకం. సోమవారం విచారణకు సంఘం మనిషి వచ్చి ఏది నిజమో చెప్పాలని, చెప్పకపోతే రెండూ పక్కన పారేసి బస్సును వేరే దారిన పంపేస్తారని గుమాస్తా కన్నడంలో చల్లగా చెప్పి, నశ్యం పీల్చుకున్నాడు.

ఈ సంఘం పద్ధతి ఏమిటో కొత్తగా చదివేవాళ్ళకు చెప్పకపోతే ఈ చిక్కు అర్థం కాదు. సంఘం పుట్టిన మొదటి ఏడు మద్దతు ఉత్తరమంటే పెళ్ళిలో తాంబూలమే. వచ్చినవాళ్ళందరికీ ఇచ్చారు. సారాయంగడి ఎత్తేయాలన్నవాళ్ళకీ ఇచ్చారు, ఆ అంగడి వేలంలో పాడుకున్నవాడికీ ఇచ్చారు. ఒక రైతుకు ఊరి పక్క బీడు మంజూరు చేయమని రాసిచ్చారు. మంజూరయింది. అతడు కంచె వేశాడు. ఆ బీడు మీదుగా గొర్రెలు తోలుకునే మునివెంకటమ్మ అనే ఆవిడకు దారి మూసుకుపోయింది. ఆవిడ వచ్చి సంఘం మెట్ల మీద కూర్చుంది. తిట్టలేదు, శాపాలు పెట్టలేదు. "కాగితం రాసేటప్పుడు మా ఇంటికొచ్చి ఒగ ముద్ద తినింటే మీకే తెల్సుండును గదప్పా" అంది, లేచి వెళ్ళిపోయింది.

ఆ మాట కుర్రవాళ్ళకు సూటిగా తగిలింది. ఆ రోజే పద్ధతి పెట్టుకున్నారు. ఎవరైనా మద్దతు ఉత్తరం అడిగితే, ఆ ఉత్తరం వల్ల ఎవరు నష్టపోతారో వాళ్ళ ఇంటికి సంఘం మనుషులు ఇద్దరు వెళ్ళాలి. అక్కడ కూర్చుని సంగటి తినాలి. ఆ ఇల్లు ఏ వీధిలో ఉన్నా, ఎవరిదైనా సరే. తిరిగొచ్చి చూసింది సభలో చెప్పాలి. ఆ తర్వాతే కలం ముట్టాలి. ఏ వీధిలోనైనా అన్న మాట గిట్టక కొందరు సంఘం వదిలేశారు. పోనీ అనుకున్నారు మిగిలినవాళ్ళు.

ఇంత మంచి పద్ధతి ఉండగా రెండు కాగితాలు ఎలా పుట్టాయి?

అదే ఆదివారం పొద్దున తేలాల్సి వచ్చింది. పిళ్ళప్ప నాయనకు బాగేపల్లిలో చింతపండు మండీ ఉంది. మండీ మీది మిద్దె గదే సంఘం ఆఫీసు. ఎండాకాలం కావడంతో కింద కొత్త చింతపండు రాశులు పోసి ఉన్నాయి, ఆ పులుపు మెట్లెక్కి గది నిండా కూర్చుంది. మునినారాయణ దర్జీ. ఆదివారం కూడా మెడలోంచి టేపు తీయని మనిషి. పిళ్ళప్ప కలిగినింటి బిడ్డ, మెత్తనివాడు, ఎవరికీ లేదని చెప్పడం చేతకానివాడు. ఒకే బెంచీ మీద చదువుకున్న ఇద్దరూ ఆ పొద్దు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు.

"చెప్పప్పా. యెప్పుడు రాసిస్తివి ఆ కాగితం?" అన్నాడు మునినారాయణ.

"బయ్యప్ప ఇంట్లో తినొచ్చిన దినమే."

"ఆయప్ప అడిగినాడా?"

"అడగల్యా."

బయ్యప్ప ఎర్రగుట్టకూ బాగేపల్లికీ మధ్య జట్కా తోలుతాడు. బస్సు ఊళ్ళోకి వస్తే మొదట కూడు పోయేది అతనికే. అందుకే పిళ్ళప్పను, ఇంకో సభ్యుణ్ణి ఆ ఇంటికి పంపారు.

"అడగకుండానే రాసిచ్చేస్తివా? సభలో చెప్పకుండా?"

"ఆ అక్కయమ్మ సంగటి పెట్టింది. చింతచిగురు పప్పు చేసింది. మేము తింటాంటే వాకిట్లో గుర్రం మా పక్కే చూస్తాండాది. బయ్యప్ప నోరు తెరిచి ఒగ మాట అడిగింటే కాదని చెప్పి వస్తాంటిని. ఆయప్ప ఏమీ అడగల్యా. ఇంకొంచెం పప్పు యేసుకోండప్పా అన్యాడు, అంతే. ఉప్పు తినొచ్చి ఊరికే ఎట్లుండేది? తిన్నింటి వాసాలు లెక్కబెట్టమంటావా నన్ను?"

"వాసాలు లెక్కబెట్టి రమ్మనే గదప్పా నిన్ను పంపిచ్చింది" అన్నాడు మునినారాయణ.

పద్ధతి పెట్టినప్పుడు కుర్రవాళ్ళు అన్నీ ఆలోచించారు, ఈ ఒక్కటి తప్ప. మన పక్క ఒకరింట్లో ముద్ద తిన్నవాడు ఆ ఇంటికి వ్యతిరేకంగా ఒక్క అక్షరం రాయలేడు. ఎదుటివాడి కష్టం తెలియాలని పంపితే, తెలుసుకున్నవాడు అక్కడే కరిగిపోయాడు. పిళ్ళప్ప మీద నాకు కోపం రావడం లేదు. మునినారాయణకు మాత్రం బాగానే వచ్చింది.

"సంఘం మొహరు నీ మొహమాటానికా ఉండేది?"

పిళ్ళప్ప అప్పుడు తలెత్తాడు. మెత్తనివాళ్ళకు కోపం ఆలస్యంగా వస్తుంది, వచ్చాక ఆగదు.

"నన్నే అడుగుతాండావే, నీ కత చెప్పు. నేను తినొచ్చి చెప్పకముందే నీ కాగితం పోస్టుకు పోయుండాది. సభ జరగల్యా, చూసినోళ్ళ మాట ఇనల్యా. నువ్వు ఏ పద్ధతిన రాస్తివి?"

మునినారాయణ టేపు కొస వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాడు. జవాబు కోసం ఎదురు చూస్తున్నది పిళ్ళప్ప ఒక్కడే కాదు. గడప దగ్గర సుజాతమ్మ నిలబడి ఉంది.

ఎర్రగుట్ట పెద్దరైతు వెంకటరాయప్ప కూతురు సుజాతమ్మ. గూళూరులో అవ్వగారి ఇంట్లో ఉండి మిడిల్ స్కూలు పాసయింది. ఇప్పుడు హైస్కూలుకు బాగేపల్లి రావాలి. జట్కా నిండితేగాని కదలదు, నిండేది సంత రోజున. రోజూ ఒక్కదానికోసం బండి కట్టించేంత డబ్బు ఆ ఇంట్లో ఉన్నా, ఆడపిల్ల చదువుకు ఖర్చు పెట్టేంత మనసు లేదు. "బస్సు ఊళ్ళోకొస్తే పంపిస్తా. రాకుంటే చదువు సాలు" అన్నాడు వెంకటరాయప్ప. ఆ మాట పట్టుకుని ఆ పిల్లే నాయన చేత బస్సుకు అర్జీ పెట్టించింది, ఆ పిల్లే సంఘానికి వచ్చి మద్దతు అడిగింది. అర్జీ ఏమైందో కనుక్కుందామని ఆ రోజు ఊరివాళ్ళ చింతపండు బండి మీద బాగేపల్లి వచ్చి, మెట్లెక్కుతూ అంతా విన్నది.

"మునినారాయణన్నా, నాకిచ్చింది గూడా దొంగ కాగితమేనా?"

"దొంగది కాదమ్మా. తొందరపడి రాసింది" అన్నాడు అతడు. "జూన్‌లో ఇస్కూలు తెరుస్తారంటివి. నీ మొహం చూస్తే నాకు నిలవబుద్ధి కాల్యా."

"ఆయన్న ఉప్పుకు రాసినాడు. నువ్వు జాలికి రాసినావు. చూసి, అడిగి రాసినోళ్ళు ఒగరూ ల్యా."

కింద ఎవరో తక్కెడలో చింతపండు దిమ్మలు వేస్తున్న చప్పుడు వినబడింది.

పిళ్ళప్పే ముందు తేరుకున్నాడు. అతనికి తోచింది అతనికి తగ్గట్టే ఉంది. "నాది వాపస్సు తీసుకుంటా. రేపు పోయి నాదే తప్పాయ, మునినారాయణ రాసిందే నిజము అని చెప్తా. సరిపోతాది. పాపకు బస్సొస్తాది."

సుజాతమ్మకు ఒక్క క్షణం ఆశ పుట్టింది. పుట్టలేదని నేను అబద్ధం రాయను. రేపు పిళ్ళప్ప ఆ ఒక్క మాట అంటే చాలు, జూన్‌లో కొత్త పుస్తకాలు చంకన పెట్టుకుని బస్సెక్కవచ్చు. ఆ పిల్ల కళ్ళ ముందు ఆ బస్సు వచ్చి ఆగింది కూడా. దాని పక్కనే బయ్యప్ప జట్కా ఖాళీగా నిలబడి కనబడింది.

"వద్దన్నా" అంది. "అట్ల వచ్చిన బస్సులో కూచోని, బయ్యప్ప మామ ఎదురుగా వస్తే నేను యాపక్క చూసేది?"

"మరి యేమి చెయ్యమంటావమ్మా?"

"బస్సెక్కేది నేను. సంగటి తినేది మీరా? నేను పోయి తింటా."

మునినారాయణ లేచాడు. గోడకు తగిలించిన సంఘం పేరు పలకను కాసేపు చూసి, టేపు తీసి జేబులో పెట్టుకున్నాడు. అతడు నిశ్చయానికి వచ్చినప్పుడు ముందు చేసే పని అదే.

"సరే. ఈ దినం నుంచి పద్ధతి మారింది పిళ్ళప్పా. కాగితం అడిగినోళ్ళు గూడా మనతో వచ్చి కూచోని తినాల. మనం సాక్షులం, అంతే. ఎదుటోడి మొహం చూసి అడగలేనోడికి సంఘం మొహరు ల్యా."

"నేనూ రావాల్నా?" అన్నాడు పిళ్ళప్ప బిక్కమొహంతో.

"నువ్వే ముందర నడువు."

బాగేపల్లి జట్కా అడ్డాలో బయ్యప్ప గుర్రానికి గడ్డి వేసి, చక్రం నీడన కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. ముగ్గురూ వచ్చి ఎదుట నిలబడితే ముందు బేరం అనుకుని లేచాడు. మీ ఇంటికే వస్తున్నాం, భోజనానికి అని మునినారాయణ చెప్పగానే బీడీ ఆర్పేశాడు.

"మళ్ళానా? పోయిన తూరి తినిపోయి కాగితం రాస్తిరి. ఈ తూరి తినిపోయి దాన్ని చించేదానికా?"

"ఆ కాగితం సంగతి నీకెట్ల తెలుసు?" అన్నాడు పిళ్ళప్ప.

"ఊరంతా తెలుసు. బయ్యప్ప ముద్ద పెట్టి సంఘాన్ని కొన్యాడంటాండారు. నేనెవురికీ ఏదీ అమ్మల్యా, కొనల్యా. ఇంటికొచ్చినోళ్ళకు పెట్టినా."

పిళ్ళప్ప మొహం చింతపండు తిన్నట్టు అయింది. మేలు చేశాననుకుని ఆ మనిషికి చెడ్డపేరు తెచ్చిపెట్టానని అతనికి అప్పటికిగాని తెలియలేదు. ముగ్గురూ బయ్యప్ప జట్కాలోనే ఎక్కారు. బండి ఊరు చేరేసరికి పొద్దు వాలుతోంది. ఊరి మొదట్లోనే వెంకటరాయప్ప ఇల్లు. సుజాతమ్మ అక్కడ దిగలేదు. బండి ఆ ఇంటి ముందు నుంచే కొస వీధికి వెళ్ళింది, అరుగుల మీద ఉన్నవాళ్ళు తలలు తిప్పి చూశారు.

బయ్యప్ప పెళ్ళాం అక్కయమ్మ సుజాతమ్మను చూసి వాకిట్లోనే ఆగిపోయింది. పెద్దింటి పిల్ల ఆ గుమ్మంలో కాలు పెట్టడం ఆవిడ చూసి ఎరుగదు. చెంబుతో నీళ్ళు ఇచ్చింది. పిల్ల కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చి, చాప మీద కూర్చుంది. ఆవిడ కంచాలు పెట్టి, సంగటి ముద్దలు వేసి, పప్పు పోసింది.

సుజాతమ్మ కంచంలో చెయ్యి పెట్టలేదు. "బయ్యప్ప మామా, తినేదానికి ముందు ఒగటి అడగాల. బస్సొస్తే మీరేమి చేస్తారు?"

బయ్యప్ప వాకిట్లో గుర్రం పక్కన నిలబడి ఉన్నాడు. ఆ ప్రశ్న విని కాసేపు దాని జూలు దువ్వాడు.

"ఇంత దినానికి అడిగినావు. నువ్వన్నా అడిగినావు పాపా. పిళ్ళప్ప వచ్చి తిని కండ్లనీళ్ళు పెట్టుకున్యాడు గానీ ఈ మాట అడగల్యా. బస్సొస్తే నేను సావను. చుట్టూ పల్లెలోళ్ళు బస్సుకాడికి వచ్చేదానికి బండి కావాల గదా. తక్కువ వస్తాది, అయినా బతుకుతా. నాకు బస్సు మీద కోపం ల్యా. కోపము మీ నాయన మీద."

సుజాతమ్మ తలెత్తి చూసింది.

"అణాలు పోయి నయాపైసలు వచ్చినా ఆయప్ప నా బండిలోనే పోతాండాడు. మీయమ్మ నిన్ను కడుపుతో ఉన్నప్పుడు చింతామణి ఆస్పత్రికి తీసుకపోయింది ఈ బండే. మా ఇంట్లో మంచినీళ్ళు ఒగ చుక్క ముట్టల్యా. అది పెద్దోళ్ళ ఆచారం అనుకుంటి, తప్పు పట్టల్యా. అర్జీ పెట్టేటప్పుడన్నా ఒగ మాట, 'బయ్యప్పా, నీ బతుకు యెట్ల' అని అడిగింటే ఆయప్ప సొమ్మేమి పోతాంటింది? నేను మనిషినే కాదన్నట్ల పెట్టినాడు అర్జీ."

అక్కయమ్మ గడపలో కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంది. మునినారాయణకు కంచం ముందు కూర్చున్నా ఆకలి పోయింది. ఇన్నాళ్ళూ సంఘంవాళ్ళు ఎదుటివాడి నష్టాన్నే చూడటానికి వెళ్ళారు. అవమానం ఒకటి ఉంటుందని ఎవరికీ తోచలేదు.

"ఇప్పుడు నువ్వు యేమి చెప్పమంటే అది రేపు ఆఫీసులో చెప్తాము బయ్యప్పా" అన్నాడు. "నా కాగితమూ పిళ్ళప్ప కాగితమూ రెండూ తప్పని అక్కడ ఒప్పుకుంటాము. నీ మాట ఇనకుండా సంఘం మాట ల్యా."

"నా మాట నేనే చెప్తా. రేపు నేనే చిక్కబళ్లాపురం వస్తా. వెంకటరాయప్ప ఈడికొచ్చి, ఈ చాప మీద కూచోని ఒగ ముద్ద తింటే, బస్సు రానీండి సామీ అని నా నోటితోనే చెప్తా. రాకుంటే, బస్సు వద్దని పిళ్ళప్ప రాసిందే నా మాట అంటా. అర్జీ పెట్టింది ఈ పాప కాదు. ఆయప్ప."

వెంకటరాయప్ప ఆ వీధిలోకి రావడమే అరుదు. వచ్చినా నడి వీధిలో నిలబడి పిలిచి, పని చెప్పి వెళ్ళే మనిషి.

"నేను వాపస్సు తీసుకుంటానంటి గదా" అని పిళ్ళప్ప మెల్లగా మొదలుపెట్టాడు. సుజాతమ్మ అతని వైపు చూడలేదు.

"మునినారాయణన్నా, మా నాయన్ను పిలుచుకోని రా. నేను కంచం ముందర కూచోనుండానని చెప్పు. ఆయన వచ్చేదాకా లేయనని చెప్పు."

"ఆయప్ప రాకుంటే?"

"రాకుంటే ఈడనే ఉంటా. ఆయన బిడ్డను తీసుకపోయేదానికన్నా రావాల గదా."

మునినారాయణ వెళ్ళాడు. అక్కయమ్మ ఒకసారి సంగటి చల్లారిపోతుంది తినమ్మా అంది. పిల్ల తల అడ్డంగా ఆడించింది. వీధిలో ఒకరొకరే చేరుతున్నారు. పెద్దింటి పిల్ల బయ్యప్ప ఇంట్లో కంచం ముందు కూర్చుందన్న మాట మునినారాయణ కంటే ముందే ఆ ఇంటికి చేరి ఉంటుంది. సుజాతమ్మకు భయం వేసింది. నాయన కొడతాడని కాదు, ఆయన ఎప్పుడూ చెయ్యి ఎత్తలేదు. నలుగురి ముందు ఆయన తల దించుకుంటే చూడాల్సి వస్తుందని భయం. అయినా కదలలేదు.

గుంపు రెండుగా విడిపోయింది. వెంకటరాయప్ప వచ్చాడు. భుజం మీద తువ్వాలు, మొహంలో నెత్తురు చుక్క లేదు. వెనక మునినారాయణ ఉన్నాడు. గుమ్మం అవతలే, వీధిలోనే ఆగి, లోపలికి వంగి చూశాడు.

"పాపా, లెయ్. ఇంటికి పోదాము."

"తినేసి వస్తా నాయనా."

"లెయ్యంటాండా."

సుజాతమ్మ సంగటి తుంచింది. పప్పులో అద్దుకుని, నాయన చూస్తుండగానే మింగింది. ఇంకో ముద్ద తుంచింది. వీధిలో ఎవరో గట్టిగా ఊపిరి పీల్చిన చప్పుడు లోపలికి వినబడింది.

"బస్సు రాకుంటే చదువు సాలన్యా. గుర్తుండాదా?" అన్నాడు వెంకటరాయప్ప. ఆ గొంతులో కోపం కంటే బతిమాలడమే ఎక్కువగా ఉంది.

"గుర్తుండాది నాయనా. అందుకే తింటాండా."

బయ్యప్ప వాకిట్లోంచి కదలలేదు. చెయ్యి గుర్రం మెడ మీదే ఉంది. రా అనలేదు, వద్దనలేదు. అక్కయమ్మ మాత్రం లేచింది. లోపలినుంచి ఇంకో కంచం తెచ్చి, సుజాతమ్మ పక్కన, ఖాళీగా ఉన్న చాప మీద పెట్టింది. దాంట్లో ఆవిరి లేస్తున్న సంగటి ముద్ద వేసింది. నీళ్ళ చెంబు తీసుకెళ్ళి గుమ్మంలో పెట్టింది.

"కాళ్ళు కడుక్కో అప్పా" అంది.

వెంకటరాయప్ప ఆ చెంబును చూశాడు. వెనక నిలబడ్డ ఊరిని చూశాడు. కూతురు మూడో ముద్ద తుంచుతోంది, ఆయన వైపు చూడటం లేదు. తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. ఎడమ కాలి చెప్పు విడిచాడు.

కుడి కాలు ఇంకా చెప్పులోనే ఉంది.